రెండు చుట్ల గొలుసు

తొమ్మిదో భాగం

విచారణకి ఇంకా రెండు రోజులుంది. మంగళవారం సంతలో, పశువుల్ని తోలే ఇరుకు సందులో, లారీ డ్రైవరు డెల్మర్ క్రౌస్ పోలీసుల కరెంటు తుపాకీ దెబ్బకి పడిపోయి మూడు వారాలు దాటింది. తాగి తూలుతున్నాడనుకున్నారు అందరూ. ఆస్పత్రికి చేర్చాక తెలిసింది, అతను చుక్క ముట్టలేదని, షుగర్ పడిపోయి ఒళ్ళు తెలియని స్థితిలో ఉన్నాడని. ఆ సంగతి తెలిసేసరికి మనిషి లేడు. తుపాకీ పట్టుకున్నవాడు పోలీసు డిప్యూటీ గారెట్ స్కోగెన్. సంత దొడ్లకి పెద్ద మేస్త్రీ అతని తండ్రి ఆర్విడ్. సోమవారం పొద్దున, ఆ చావు ఎట్లా జరిగిందో తేల్చడానికి ఊరివాళ్ళే ఏడుగురు జ్యూరీగా కూర్చుంటారు. వాళ్ళ ముందుకొచ్చి చూసింది చెప్పమని ఆర్విడ్‌కి కాగితం వచ్చింది. దాన్ని చొక్కా జేబులో మడిచి పెట్టుకుని ఖాళీ దొడ్లు కడుగుతున్న ముసలాయనకి కొడుకు బండి చప్పుడు వినబడింది. కిందటి వారం మనం ఆయన్ని అక్కడే, చేతిలో నీళ్ళ గొట్టంతో వదిలి వచ్చాం.

బండి ఆగింది. తలుపు చప్పుడు మాత్రం చాలాసేపటికి గానీ రాలేదు.

ఆర్విడ్ కుళాయి కట్టేసి గొట్టం చుట్ట చుట్టాడు. ఏప్రిల్ వచ్చినా కంచెకి ఉత్తరం పక్కన మురికి మంచు ఇంకా కరగలేదు. గాలికి దొడ్డి రేకులు ఉండుండి మూలుగుతున్నాయి.

గారెట్ యూనిఫాం లేకుండా వచ్చాడు. సెలవు మీద ఉంచారు గదా. బెల్టూ తుపాకులూ అన్నీ పై అధికారి షెరీఫ్ దగ్గరే ఉన్నాయి. అయినా ఆ చేతులు మాత్రం ఒంటికి ఎడంగానే ఉన్నాయి, నడుముకి ఏవేవో ఇంకా వేలాడుతున్నట్టు. పదేళ్ళు బరువు మోసిన నడుము మూడు వారాల్లో మర్చిపోదు. టోపీ తీసి గేటు పక్కన గుంజకి తగిలించాడు.

"కాఫీ ఉందా నాన్నా?"

"ఫ్లాస్కులో ఉంది. పొద్దుటిది."

"ఈ పొద్దుటిదా, పోయిన సంతదా?"

"తాగితే నీకే తెలుస్తుంది."

గారెట్ మూతలో ఒంపుకుని ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించి మిగిలింది నేల మీద పారబోశాడు. వేరే రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళే.

"షెరీఫ్ ఏమంటున్నాడు?" అన్నాడు ఆర్విడ్.

"ఏమంటాడు? నవంబరులో అతని పదవికి ఎన్నికలు. మొన్నటిదాకా భుజం మీద చెయ్యేసి నడిచినవాడు ఇప్పుడు నన్ను చూస్తే టోపీ సర్దుకుంటున్నాడు." జేబులోంచి ఒక కాగితం తీశాడు. "ఇది చూడు."

ఆర్విడ్ దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు. కళ్ళజోడు గదిలో ఉంది. కుడిచేతికి బొటనవేలు లేదు కాబట్టి కాగితాన్ని నాలుగు వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకోవడం ఆయన అలవాటు. ఇరవై ఆరో ఏట దున్నపోతు లాంటి కోడెకి తాడు వేసి గుర్రం జీను ముందుండే కొమ్ముకి చుడుతుంటే వేలు తాడులో పడి తెగిపోయింది. అప్పటినించీ ముడులన్నీ ఎడమచేత్తోనే.

కాగితం మీద తేదీలు, గంటలు, అంకెలు ఉన్నాయి.

"తుపాకీలోంచి తీశారు. దానికో చిన్న బుర్ర ఉంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఎంతసేపు నొక్కామో రాసిపెట్టుకుంటుంది" అన్నాడు గారెట్.

"మొదటిది అయిదు సెకన్లు" అని చదివాడు ఆర్విడ్.

"ఊఁ."

"రెండోది ఇరవై మూడు."

గారెట్ ఫ్లాస్కు మూత బిగించాడు.

"నువ్వు రెండూ అయిదేసే అని రాశావు."

"అయిదేసే అనుకున్నాను నాన్నా! దాని పని అంతే. నొక్కి వదిలితే అయిదు సెకన్లకి దానంతటదే ఆగిపోతుంది. నేను రెండుసార్లు నొక్కాను. ఒట్టు, రెండుసార్లే."

"రెండోసారి వదల్లేదురా నువ్వు."

"నాకు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది."

ఆ మాట అన్నాక ఆర్విడ్ చూపు పక్క గుంజ మీదికి పోయింది. పశువుల్ని తోలే కరెంటు కర్ర అక్కడ మేకుకి వేలాడుతోంది. పచ్చ పిడి, ఆ చివర రెండు ఇత్తడి ములుకులు. దాని మీట మీద వేలు ఉన్నంతసేపే కరెంటు. వేలు తీస్తే లేదు. అందుకే సంతలో పెరిగిన ప్రతివాడికీ అదే అలవాటవుతుంది: పశువు కదిలేదాకా నొక్కి పట్టుకోవడం. గారెట్ పోలీసు కాకముందు ఆరేళ్ళు ఇదే దొడ్లో ఇదే కర్ర పట్టుకున్నాడు. తుపాకీ చేతికిచ్చినవాళ్ళు దాని లెక్కలన్నీ నేర్పారు గానీ, ఆ వేలికి అంతకుముందే వేరే చదువు ఉందని వాళ్ళకి తెలియదు.

"అరుస్తూనే ఉన్నాను నాన్నా, చేతులు వెనక్కి పెట్టమని. పెట్టలేదు. పెట్టి ఉంటే ఆపేసేవాణ్ణి."

"ఎట్లా పెడతాడ్రా, కరెంటు ఒంట్లో ఉండగా? నీ మీదా వేశారుగా ఒకసారి, శిక్షణలో. నువ్వు పెట్టావా?"

గారెట్ తల దించుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి భోజనాల దగ్గర వాడే చెప్పాడు నవ్వుతూ. అయిదు సెకన్లు నాన్నా, చిటికెన వేలు కూడా నా మాట వినలేదు, కరెంటు కర్ర దీని ముందు చీమ కుట్టినట్టే అని. వాళ్ళమ్మ చెంచా కింద పెట్టేసి లేచి వెళ్ళిపోయింది.

"సరే. ఇరవై మూడు సెకన్లు నాదే తప్పు. ఒప్పుకుంటాను" అన్నాడు గారెట్. "ఉద్యోగం పోతే పోనీ. మళ్ళీ ఇక్కడికే వచ్చి నీ పేడ ఎత్తుతాను. కానీ నాన్నా, వాడు నా మీదికి వచ్చాడు. అది మాత్రం నిజం. నా లాయరు కూడా అదే అంటున్నాడు. సెకన్ల సంగతి ఎట్లా పోయినా, అసలు ప్రశ్న ఒకటే: డెల్మర్ పోవడానికి దారి ఉందా, లేదా?"

ఆర్విడ్ కాగితాన్ని మడుస్తున్నవాడల్లా ఆగాడు.

"ఉంది" అన్నాడు గారెట్. "వెనక గేటు బార్లా తీసి ఉంది. నా బండి లోపలికి తిప్పుతున్నప్పుడే చూశాను. వాడు సందులో నిలబడి పశువుల్ని అదిలించే ప్లాస్టిక్ తెడ్డు అటూ ఇటూ ఊపుతున్నాడు. నేను ఈ చివర్నించి అన్నాను, డెల్మర్, తెడ్డు కింద పడెయ్, వెనక్కి తిరుగు, ఆ గేటులోంచి బయటికి నడువు అని. నడిచాడు. గేటు దాకా పోయాడు. పోయినవాడు పోకుండా, గిరుక్కున తిరిగి, తెడ్డు ఎత్తి నా మీదికి వచ్చాడు. ఎందుకొస్తాడు నాన్నా? దారి ఉండి ఎందుకొస్తాడు?"

గాలికి రేకు మళ్ళీ మూలిగింది.

"నువ్వే కదా నేర్పింది" అన్నాడు గారెట్, మెల్లగా. "దారి లేని పశువుని పొడవొద్దని. ముందు గేటు చూడు, తర్వాతే కర్ర ఎత్తు అని. ఈ గుంజ దగ్గరే ఒకసారి నా చెంప వాచేలా కొట్టి మరీ నేర్పావు. నేను గేటు చూశాను నాన్నా. చూశాకే ఎత్తాను."

ఆర్విడ్ ఎడమచెయ్యి దానంతటదే కదిలింది. గాల్లో ఏదో లేని గొలుసుని పట్టుకోబోయినట్టు వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మంగళవారం ఆయన సందుకి అవతల, వెనక దొడ్ల వైపున ఉన్నాడు. ముప్పై నాలుగు పెయ్యల్ని దొడ్లోకి తోలాడు. రెండేసి చొప్పున లెక్కపెట్టి పంపాడు కాబట్టి ముప్పై నాలుగు అని ఇప్పటికీ ఖాయంగా చెప్పగలడు. తోలి వెనక్కి తిరిగితే సందు గేటు బార్లా తీసి ఉంది. లోపల ఎవరో అరుస్తున్నారు. ఎవరో ఎద్దుని తోలుతున్నారనుకున్నాడు. మంద దొడ్లో ఉండగా గేటు తీసి ఉంచడమేమిటి, ఈ కాలం కుర్రాళ్ళకి ఎవరికీ బుద్ధి లేదు అని తిట్టుకుని గేటు వేశాడు. గొలుసు ఎడమచేత్తో రెండు చుట్లు చుట్టి కింది నుంచి కొక్కెం తగిలించాడు. సందులోకి తొంగి కూడా చూడలేదు. గేటు వెయ్యడానికి లోపలికి చూడవలసిన పని ఏముంది? నలభై ఏళ్ళుగా రోజుకి యాభైసార్లు చేసే పనే అది.

నాలుగడుగులు వేశాడో లేదో వెనకాల గేటు కదిలిన చప్పుడు. ఎవరో తోసినట్టు, గొలుసు బిగుసుకుని గేటు ఆగినట్టు. ఏ పెయ్యో ఒరుసుకుంటోందనుకున్నాడు.

మూల తిరిగి ముందు వైపుకి వచ్చేసరికి ఆ చిటపట చప్పుడు మొదలైంది. పలకల పైనుంచి చూశాడు. కొడుకు చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆ చేతిలోంచి రెండు సన్నటి తీగలు వేలాడుతున్నాయి. తీగల చివర డెల్మర్ నేల మీద దుంగలా బిగుసుకుని ఉన్నాడు. ఆర్విడ్ చూసింది డెల్మర్‌ని కాదు, మీట మీద కొడుకు వేలిని. తెల్లగా పాలిపోయిన ఆ వేలిని ఆయన ఎరుగును.

రాజధాని నుంచి వచ్చిన విచారణ అధికారి, ఏం చూశారు అని అడిగాడు. చూసింది చెప్పాడు. గేటు సంగతి అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు ఆర్విడ్‌కి పుట్టుకతో లేదు. కానీ ఆ రాత్రి నుంచి ఒకటే ఆలోచన. మూసిన గేటు దాకా పోయి వెనక్కి తిరిగే పశువు మీదికి రావడం లేదు. దారి వెతుక్కుంటోంది. ఈ సంగతి తెలియనివాడు సంతలో ఒక్కడూ లేడు. గారెట్‌కీ తెలుసు. గేటు మూసి ఉందన్న ఒక్క ముక్క తప్ప వాడికి అన్నీ తెలుసు.

"గారెట్" అన్నాడు.

"ఊఁ?"

"ఆ గేటు..."

గారెట్ కళ్ళెత్తి చూశాడు. ఆ కళ్ళ కింద నల్లటి గుంటలు. మెడ మీద చొక్కా వదులైపోయింది. మునిగిపోతున్నవాడు ఒడ్డున పట్టుకున్న గడ్డిపరకని చూసుకున్నట్టు తండ్రిని చూస్తున్నాడు.

"తీసే ఉంది నాన్నా. అదొక్కటి తలుచుకునే పడుకుంటున్నాను. కళ్ళు మూసుకుంటే వాడి మొహమే వస్తుంది. అప్పుడు ఆ గేటు గుర్తు చేసుకుంటాను. నేను వాడికి దారి వదిలాను అనుకుంటాను. అప్పుడు గంటో అరగంటో నిద్ర పడుతుంది."

ఆర్విడ్ సగం మడిచిన కాగితాన్ని కొడుకు చేతికి తిరిగిచ్చాడు.

"సోమవారం నిన్ను గేటు గురించి అడుగుతారు. ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు గారెట్.

"చూసింది చెప్తాను."

"అదే చాలు." తండ్రి భుజం మీద చెయ్యి వేశాడు. తండ్రి భుజం బిగుసుకోవడం తెలిసిందో లేదో, చెయ్యి తీసేశాడు. "హోటల్లో నీకు మాంసం రొట్టె తీసి ఉంచమని అమ్మ చెప్పింది. తీసుకొస్తాను. నువ్వు పొద్దుటినించీ తినలేదు, నాకు తెలుసు."

సంత ముందున్న హోటలు వైపు వెళ్ళిపోయాడు. టోపీ గుంజకే ఉండిపోయింది.

ఆర్విడ్ సందులోకి నడిచాడు. మనిషి భుజానికి మించిన ఎత్తున పలకల గోడలు, రెండు చేతులు చాపితే రెండు పక్కలా తగిలేంత వెడల్పు. ఆ మంగళవారం తర్వాత ఇటు పశువుల్ని తోలలేదు. అధికారులు కట్టిన పచ్చ రిబ్బను ముక్క ఇంకా పలక మేకుకి రెపరెపలాడుతోంది. వెనక గేటు దాకా పోయి నిలబడ్డాడు. గేటు మూసే ఉంది, గుంజకి చుట్టిన గొలుసు చివర వదులుగా వేలాడుతోంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది.

విప్పెయ్యవచ్చు. విప్పి తీసి ఉంచితే, సోమవారం జ్యూరీ వాళ్ళు చూడ్డానికి వచ్చినా తీసి ఉన్న గేటే కనిపిస్తుంది. ఆయన దానికోసం రాలేదు. ఎందుకొచ్చాడో ఆయనకే తెలియదు.

"ఆర్విడ్."

ఉలిక్కిపడ్డాడు. సందు మధ్యలో నోలా నిలబడి ఉంది. డెల్మర్ భార్య. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఈ దొడ్లోనే, ఆర్విడ్ చేతి కిందే పని చేసింది. ఒంటి మీద డెల్మర్ కోటు ఉంది. చేతులు ఆ కోటు చేతుల్లో మునిగిపోయాయి.

"రా నోలా" అన్నాడు. ఏం అనాలో తోచక, "చలిగా ఉంది" అన్నాడు.

"షుగర్ సంగతి మీకు కూడా చెప్పలేదు వాడు" అంది నోలా, ఎప్పుడో మొదలుపెట్టిన మాట సగంలోంచి అందుకున్నట్టు. "సూది మందు వేసుకుంటాడని తెలిస్తే లారీ లైసెన్సు పీకేస్తారని భయం. బండిలో సీటు కింద దాచుకునేవాడు, దొంగసారాలాగ. ఒక్కడికి చెప్పి ఉంటే చాలు. ఎవడో ఒకడు చక్కెర నీళ్ళు పోసేవాడు."

"పోసేవాళ్ళం."

"రిపోర్టు చదివాను. గారెట్ రాసింది." కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే ఆర్విడ్‌కి తేలికగా ఉండేది. "దారి ఉండి కూడా పోకుండా పోలీసు మీద పడ్డాడట. పన్నెండేళ్ళు కాపురం చేశాను, ఆర్విడ్. ఎద్దు కాలు తొక్కినా దాన్ని తిట్టేవాడు కాదు, క్షమించమని అడిగేవాడు. మీరూ నవ్వేవారు."

"నవ్వేవాళ్ళం."

"సోమవారం అయిపోయాక కాగితం మీద ఆ ముక్కే మిగిలిపోతుంది. వాడి పేరు పక్కన. ఎప్పటికీ." కోటు జేబులోంచి మడత పెట్టిన ఫోటో తీసింది. "ఆ సాయంత్రం అధికారులు తీసిన ఫోటోలు మాకూ ఇచ్చారు. నలభై ఉన్నాయి. ముప్పై తొమ్మిది చూడలేకపోయాను. ఇదొక్కటీ చూశాను, ఇందులో వాడు లేడు గనక."

ఫోటో చూపించింది. వెనక గేటు. మూసి ఉంది. గుంజ చుట్టూ గొలుసు రెండు చుట్లు, ఎడమ నుంచి కుడికి, కొక్కెం కింది నుంచి పైకి.

"అధికారిని అడిగాను, ఇది మూసి ఉందేమిటని. తర్వాత ఎవరో మూసి ఉంటారమ్మా అన్నాడు. పట్నం మనిషి. ఆయనకి గొలుసంటే గొలుసే." వేలు పెట్టి చూపించింది. "నాలుగేళ్ళు మీరు వేసిన గేట్లు విప్పాను నేను. ఈ సంతలో అందరూ ఒక్క చుట్టు వేస్తారు. పైనుంచి కొక్కెం పెడతారు. ఇట్లా వేసేవాళ్ళు ఒక్కరే ఉన్నారు. మీ గేటు విప్పడానికి ఎప్పుడూ నా గోళ్ళు విరిగేవి."

ఆర్విడ్ చేతిలో ఆ గొలుసే ఉంది. వదలబోయాడు. వదిలితే చప్పుడవుతుంది. పట్టుకునే ఉన్నాడు.

"ఒక్కటే అడుగుతాను" అంది నోలా. "ఇది ఎప్పుడు వేశారు? వాడు పడిపోయాకా, పడక ముందా?"

తర్వాత అని చెప్పవచ్చు. నోలాయే దారి తీసి పెట్టింది. అంబులెన్సు వెళ్ళాక అలవాటుగా వేశానని చెబితే కాదనేవాడు ప్రపంచంలో లేడు. కొడుకు నిద్ర కొడుకుకి ఉంటుంది. తన నిద్ర సంగతి ఎవరికి కావాలి? వెనక మూసిన గేటు వీపుకి తగులుతోంది. ఎదురుగా ఈ ఆడమనిషి. పక్కకి తప్పుకుందామంటే రెండు పక్కలా పలకలే. డెల్మర్ కూడా సరిగ్గా ఇక్కడే నిలబడి ఉంటాడు. ఈ పలకలే చూసి ఉంటాడు. గేటు తోసి ఉంటాడు, ఒకసారి, ఆ చప్పుడు నేను విన్నాను.

"ముందే" అన్నాడు ఆర్విడ్.

నోలా ఏడవలేదు. ఫోటో మడిచి జేబులో పెట్టుకుంది. ఆ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది, పైనుంచి కిందికి, తప్పు పడకుండా.

"ముందే వేశాను" అన్నాడు మళ్ళీ. ఒకసారి నోరు తెరుచుకున్నాక ఇక మూతపడలేదు. "లోపల మనిషి ఉన్నాడని తెలియదు. చూడలేదు. వాడు తోసిన చప్పుడు కూడా విన్నాను నోలా. పెయ్య అనుకున్నాను. వాడు గారెట్ మీదికి రాలేదు. వెనక్కి తిరిగాడు, అంతే. నేను మూసేశాను గనక తిరిగాడు."

అప్పుడు నోలా భుజం మీదుగా ఆయనకి సందు ఆ చివర కనిపించింది.

గారెట్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో కాగితంలో చుట్టిన రొట్టె. ఇంకో చేతిలో గుంజ మీది నుంచి తీసుకున్న టోపీ. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మొహంలో కోపం లేదు, ఏదీ లేదు. ఇల్లు కాలిపోయాక ఆ చోటు చూస్తున్న మనిషి మొహం అది.

"గారెట్" అన్నాడు ఆర్విడ్.

గారెట్ రొట్టె జాగ్రత్తగా పలక మీద పెట్టాడు. టోపీ దాని పక్కన పెట్టాడు. లోపలికి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, ముందు గేటు లాగాడు. తుప్పు పట్టిన మడతబందు కీచుమంది.

నోలా వెనక్కి తిరిగి చూసింది. ఒక అడుగు ఆర్విడ్ వైపు వేసింది.

గొలుసు గుంజ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. గారెట్ ఎప్పుడూ వేసేది ఆ ఒక్క చుట్టే. ఈసారి చెయ్యి ఆగలేదు. ఎడమచెయ్యి. రెండో చుట్టు తిరిగింది. కొక్కెం కింది నుంచి పైకి తగులుకుంది.

"నోలా, నువ్వు పక్కకి రా" అన్నాడు గారెట్, గేటు వైపే చూస్తూ. "నాన్నతో మాట్లాడాలి."